ఓపెన్ జిమ్మా, క్రీడాప్రాంగణమా, బడి గ్రౌండా: ఊరి డబ్బు దేనిమీద పెట్టాలి?

మా మేనకోడలు ఈసారి సర్పంచ్‌గా గెలిచింది. నెల తిరక్కముందే ఫోన్. "మామా, ఓపెన్ జిమ్ పెట్టిస్తనని ఎలక్షన్ల మాటిచ్చిన. ఎంతైతది? ఎవరిని అడగాలె?" అంది. ముప్పై ఏళ్లు బడిలో పీఈటీగా, అంటే ఆటల మాస్టారుగా చేసి రిటైరైన మామ ఉన్నాక ఇట్లాంటి ఫోన్లు రాకుండా ఎట్లుంటాయి.

"ఎంతైతదో తర్వాత చూద్దాం బిడ్డా. సాయంత్రం ఆరున్నరకు మీ ఊళ్లో ఎవరెవరు ఎక్కడుంటరో ఒక వారం రోజులు చూసి చెప్పు" అన్నాను. ఆమెకు నచ్చలేదు కానీ చూసింది. పోరగాళ్లు పది పన్నెండు మంది కోసిన మడిలో క్రికెట్ ఆడుతున్నారు. బడి పిల్లలు ఫోన్లు పట్టుకుని అరుగుల మీద ఉన్నారు. ముసలివాళ్లు రావిచెట్టు గద్దె దగ్గర. ఆడవాళ్లు మాత్రం ఇళ్లల్లో తప్ప ఎక్కడా లేరు.

ఆ తర్వాత మేమిద్దరం రెండు మూడు సార్లు కూర్చుని మాట్లాడుకున్నదే ఇక్కడ రాస్తున్నాను. హనుమకొండ, వరంగల్, జనగామ, ములుగు, అటు కరీంనగర్, నిజామాబాద్ దాకా ఏ ఊరి పంచాయతీకైనా, ఏ కాలనీ కమిటీకైనా ఈ లెక్కే పనికొస్తుంది. ముందే ఒక మాట. నేను పీఈటీని. కాబట్టి మనిషిని పెట్టాలా, వస్తువు కొనాలా అనే చోట నా మొగ్గు ఎటుంటుందో మీరు ఊహించగలరు. ఆ మేరకు తగ్గించుకునే చదవండి.

ఎవరి కోసం కొంటున్నాం?

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పిన లెక్క ప్రకారం పెద్దవాళ్లు వారానికి 150 నుంచి 300 నిమిషాలు కొంచెం ఆయాసం వచ్చేలా ఒళ్లు కదిలించాలి. వారంలో ఐదు రోజులు, రోజుకు అరగంట చురుగ్గా నడిచినా కింది లెక్క అందుతుంది. ఐదు నుంచి పదిహేడేళ్ల పిల్లలకైతే రోజుకు సగటున గంట. అరవై ఐదు దాటినవాళ్లు వారానికి మూడు రోజులైనా పడిపోకుండా నిలదొక్కుకునే వ్యాయామాలు కూడా చేయాలి.

మనం ఎక్కడున్నామంటే, 2024లో లాన్సెట్ గ్లోబల్ హెల్త్ పత్రికలో వచ్చిన అంచనా ప్రకారం 2022 నాటికి మన దేశంలో పెద్దవాళ్లలో దాదాపు సగం మందికి చాలినంత కదలిక లేదు. మగవాళ్లలో 42 శాతం, ఆడవాళ్లలో 57 శాతం. 2000లో ఇది మొత్తం మీద 22 శాతం దగ్గర ఉండేది.

ఊళ్లో ఈ మాట చెబితే "పొలం పని చేసేటోళ్లకు ఎక్సర్‌సైజ్ ఎందుకు సారూ" అని నవ్వుతారు. నాట్లు వేసి, కలుపు తీసే ఆడమనిషికి నిజంగానే అక్కర్లేదు. కానీ కోతకు హార్వెస్టర్ వచ్చింది, దున్నడానికి ట్రాక్టర్ ఎప్పుడో వచ్చింది, పొలం దాకా బండి మీదే పోతున్నాం. నాట్ల ఇరవై రోజులు నడుములు విరిగే పని, తర్వాత రెండు నెలలు టీవీ. యాభై దాటినవాళ్లుండి షుగర్ గోళీల డబ్బా లేని ఇల్లు మా ఊళ్లో వెతకాల్సిందే.

అందుకే ఏది కొన్నా నేను ముందు అడిగేది ఒకటే: ఇప్పుడు బయటికి రానివాళ్లు దీనివల్ల వస్తారా? క్రికెట్ ఆడే ఆ పన్నెండు మంది మనం ఏమీ చేయకపోయినా ఆడతారు.

ఓపెన్ జిమ్

అందరూ ముందు అడిగేది ఇదే. కారణం తేలిక. రంగురంగులుగా ఉంటుంది, ఫొటో బాగా వస్తుంది, రిబ్బన్ కత్తిరించొచ్చు, వారంలో పని అయిపోతుంది.

నేనుండే కాలనీలో ఒకటి పెట్టారు. మొదటి నెల సాయంత్రం లైన్ కట్టారు. ఎనిమిదో నెలకు, గాల్లో నడిచినట్టు కాళ్లు ఊపే మిషన్ ఉంటుంది చూడండి, దాని ఎడమ కాలి పలక ఊడింది. ఎవరో పాత చీర పేలికతో కట్టారు. పిల్లలు దాన్నే ఉయ్యాల చేసుకున్నారు. బేరింగ్‌లో గ్రీజు పెట్టే మనిషి ఎవరని అడిగితే కమిటీ కాంట్రాక్టర్‌ను చూపించింది, కాంట్రాక్టర్ గ్యారంటీ అయిపోయిందన్నాడు. చిన్‌అప్ బార్ మీద ఇప్పుడు పక్కింటివాళ్ల దుప్పట్లు ఆరుతుంటాయి.

మిషన్లు చెడ్డవని కాదు. మోకాళ్ల నొప్పులున్న అరవై ఏళ్లవాళ్లకు కొన్ని బాగానే పనికొస్తాయి. చెట్టు నీడ లేకుండా పెడితే మార్చి నుంచి జూన్ దాకా ఆ ఇనుమును ముట్టుకోలేం. నీడలో, లైటు కింద, నలుగురు కూర్చునే చోటు పక్కనే పెడితే నడుస్తుంది. ఊరి బయట పెడితే తుప్పే. కొంటే పది మిషన్లు వద్దు, నాలుగు చాలు. మూడేళ్ల మెయింటెనెన్స్ అగ్రిమెంట్‌లో రాయించుకోనిదే చెక్కు మీద సంతకం పెట్టొద్దు.

ఉన్న క్రీడాప్రాంగణాన్ని బాగుచేయడం

2022 జూన్ 2న, రాష్ట్ర అవతరణ దినం నాడు, తెలంగాణ క్రీడాప్రాంగణాలు మొదలయ్యాయి. ఊరికొకటి, అర ఎకరం నుంచి ఎకరం దాకా స్థలం, ఉపాధి హామీ నిధులు. కబడ్డీ, ఖోఖో, వాలీబాల్ కోర్టులు, లాంగ్‌జంప్ గుంత, కసరత్తు బార్లు, చుట్టూ చెట్లు, ముందు ఒక బోర్డు. ఆలోచన మంచిదే. ఊరికి ఆట స్థలం అంటూ కాగితం మీద ఒక హద్దు ఏర్పడింది, అది చిన్న విషయం కాదు.

ఇబ్బందంతా స్థలం దొరికిన చోటుతో వచ్చింది. ఊరి మధ్య సర్కారు భూమి ఎక్కడిది? దొరికింది చెరువు శిఖం పక్కనో, వైకుంఠధామం (శ్మశానం) దారిలోనో, గుట్ట కిందనో. మా మేనకోడలి ఊళ్లోనూ అంతే. మేము వెళ్లి చూస్తే బోర్డు, వాలీబాల్ కర్రలు రెండూ నిలబడే ఉన్నాయి. మధ్యలో నడుముల దాకా వయ్యారిభామ. దాన్ని పీకిస్తే సరిపోతుందనుకుంది ఆమె. నేను చెప్పులు విప్పి నాలుగడుగులు వేశాను. అరికాలు నిండా పల్లేరుకాయలు. కబడ్డీ వట్టికాళ్లతో ఆడే ఆట. పల్లేరు ఉన్న నేల మీద ఏ పిల్లాడూ రెండోసారి కూతకు పోడు.

బాగుచేయాలంటే పైపైన బ్లేడ్ బండి తిప్పితే గింజ అక్కడే ఉంటుంది. తొలి వానలకు మొలిచాక, పూత రాకముందే వేర్లతో పీకించాలి, మళ్లీ పది పదిహేను రోజులకు ఇంకోసారి. రెండేళ్లు ఇట్లా చేస్తే నేల దారికొస్తుంది. కబడ్డీ కోర్టు మేరకు జల్లెడ పట్టిన ఎర్రమట్టి పోసి, వారానికి రెండుసార్లు నీళ్లు చల్లి అణచాలి. పంచాయతీ ట్రాక్టర్, ట్యాంకర్ ఉన్నాయి కాబట్టి దీనికి ఖర్చు తక్కువే. కావాల్సింది ఆ పని గుర్తుంచుకునే మనిషి.

స్థలం లెక్క కూడా చూడండి. అర ఎకరం అంటే ఇరవై గుంటలు, 2,420 గజాలు. వాలీబాల్ కోర్టు 18 మీటర్లకు 9, ఖోఖో 27కి 16, మగవాళ్ల కబడ్డీ 13కి 10. చుట్టూ జాగాతో కలిపి మూడూ 1,400 గజాల్లో పడతాయి. క్రికెట్ పట్టదు. యూత్ వచ్చి "క్రికెట్ గ్రౌండ్ చెయ్యక్కా" అంటే ఒప్పుకోవద్దు. ఒక్క ఆట మొత్తం స్థలాన్ని మింగేస్తుంది, ఎగిరొచ్చే బంతికి భయపడి చిన్నపిల్లలు, ఆడపిల్లలు రానే రారు. నడకకైతే ఆ అర ఎకరం చుట్టూ తిరిగితే 180 మీటర్లు. అరగంట నడవాలంటే పద్నాలుగు రౌండ్లు. రెండో రోజుకే విసుగొస్తుంది.

మరో మాట, కోతలప్పుడు. వానాకాలం, యాసంగి రెండు పంటలకూ ఊళ్లో చదునైన ఏ జాగా అయినా వడ్లతో నిండుతుంది. రైతును ఆపలేం, ఆపకూడదు కూడా. సంవత్సరానికి రెండు మూడు నెలలు గ్రౌండ్ ఉండదని ముందే లెక్కలో వేసుకోవాలి.

ప్రాంగణం ఊరికి ఐదు నిమిషాల నడకలో ఉంటే బాగుచేయండి. అంతకు మించి దూరముంటే హద్దురాళ్లు పాతి, చెట్లు పెట్టి, ఆక్రమణ కాకుండా కాపాడుకోండి. డబ్బు మాత్రం వేరే చోట పెట్టండి.

చెరువు కట్ట మీద వాకింగ్

హనుమకొండలో భద్రకాళి బండ్ మీద, వడ్డేపల్లి కట్ట మీద పొద్దున్నే జనాన్ని చూసి ప్రతి ఊరూ ఇదే కావాలంటోంది. ఆశ మంచిదే, మన దగ్గర కాకతీయుల నాటి నుంచీ చెరువు లేని ఊరు అరుదు. కట్ట పొడుగ్గా ఉంటుంది, గాలి బాగుంటుంది, విసుగు రాదు.

కానీ కట్ట పంచాయతీది కాదు, నీటిపారుదల శాఖది. లైటు స్తంభానికి గుంత తవ్వాలన్నా, చెట్టు పెట్టాలన్నా ముందు ఆ శాఖ ఇంజనీరు ఏఈని అడగాలి. మట్టికట్టలో చెట్టు వేరు దూరితే అది నీళ్లకు దారి. తుమ్మలు కొట్టించడం, కూర్చోవడానికి రెండు బండలు, ఎక్కే చోట మెట్లు, వాటికి పట్టుకునే కడ్డీ, ఇంతవరకు చేస్తే చాలు. పాముల భయం వల్ల చీకటి పడ్డాక ఎవరూ రారు. అంటే ఇది పొద్దున నడిచేవాళ్ల ఏర్పాటు. పొద్దున ఆరు గంటలకు ఇంట్లో ఆడవాళ్లు ఏం చేస్తుంటారో చెప్పక్కర్లేదు కదా.

బడి గ్రౌండ్, ఒక మనిషి

ఇప్పుడు నా పక్షపాతం దగ్గరికొచ్చాం.

2009 విద్యాహక్కు చట్టం ప్రకారం ప్రతి బడికీ ఆట స్థలం ఉండాలి. చాలా ఊళ్లలో బడి ఊరి మధ్యలో ఉంటుంది. ప్రహరీ, నల్లా, బాత్రూం, కరెంటు మీటర్ అన్నీ ఉంటాయి. సాయంత్రం బడి వదలగానే గేటుకు తాళం. ఊరి బయట ముళ్లపొదల్లో కోట్లాడి స్థలం సంపాదించి, ఊరి మధ్యన సిద్ధంగా ఉన్న స్థలానికి తాళం వేసుకుంటున్నాం.

హెడ్‌మాస్టర్లను తప్పుపట్టి లాభం లేదు. నేనూ ఆ వైపు కూర్చున్నవాణ్ణే. ఒకసారి నమ్మి గేటు తెరిచి ఉంచితే సోమవారం పొద్దున నల్లా విరిగి, వరండాలో బీరు సీసాలు కనబడ్డాయి. అందుకే నోటిమాట వద్దు. పంచాయతీ తీర్మానం చేయాలి, బడిలో పిల్లల తల్లులుండే అమ్మ ఆదర్శ పాఠశాల కమిటీతో కలిసి కూర్చోవాలి, మండల విద్యాధికారి ఎంఈఓకు కాగితం పెట్టాలి. సాయంత్రం ఐదున్నర నుంచి ఏడున్నర వరకు తెరవడం, విరిగింది బాగుచేయించే బాధ్యత, కరెంటు బిల్లు, ఈ మూడూ పంచాయతీవే అని రాసివ్వాలి. తాళం చెవి ఎవరి దగ్గర ఉండాలో పేరుతో సహా రాయాలి.

ఆ రెండు గంటలు అక్కడ ఒక మనిషి ఉండాలి. ఇదే అసలు విషయం.

మన పక్క నుంచే చూడండి. పర్వతగిరి మండలం కల్లెడ చిన్న ఊరు. అక్కడి గ్రామీణ పాఠశాలలో విలువిద్య నేర్చుకున్న వర్ధినేని ప్రణీత 2008 బీజింగ్ ఒలింపిక్స్ దాకా వెళ్లింది. అదే ఊరి దీప్తి జీవాంజి 2024 పారిస్ పారాలింపిక్స్‌లో 400 మీటర్ల పరుగు టీ20 విభాగంలో (మేధో వైకల్యం ఉన్నవాళ్లది) కాంస్యం తెచ్చింది, 55.82 సెకన్లు. బడిలో పీఈటీ ఆమె పరుగు గమనించడంతో ఆ కథ మొదలైంది. నిజామాబాద్‌లో శంషాముద్దీన్ అనే బాక్సింగ్ కోచ్ ఉన్నందుకు ఒక హుసాముద్దీన్, ఒక నిఖత్ జరీన్ వచ్చారు. నిఖత్ 2022లోనూ 2023లోనూ ప్రపంచ ఛాంపియన్.

ఇవి పతకాల కథలు, మన గొడవ షుగర్, మోకాళ్లది అంటారేమో. నిజమే. కానీ రెండింటికీ మొదలు ఒకటే, సాయంత్రం గ్రౌండ్‌లో పేరు పెట్టి పిలిచే మనిషి. "నిన్న రాలేదేం?" అని అడిగేవాడు ఉంటే పిల్లలు మర్నాడు వస్తారు. ఆ మాట మిషన్ అడగదు.

మరి పంచాయతీలు మనిషిని వదిలి ఇనుమే ఎందుకు కొంటాయి? తెలివిలేక కాదు, నిధుల తీరు అట్లుంది. 15వ ఆర్థిక సంఘం కాలంలో, 2021 నుంచి 2026 వరకు, పంచాయతీలకు వచ్చిన గ్రాంటులో 60 శాతం నీళ్లకు, పారిశుద్ధ్యానికే కట్టేశారు. మిగతా 40 శాతం ఊరి అవసరాలకు వాడొచ్చన్నారు కానీ జీతాలకు వాడకూడదన్నారు. మిషన్ కొంటే ఆడిట్‌లో ప్రశ్న రాదు, కోచ్‌కు నెలకు కొంత ఇస్తే వస్తుంది. కాబట్టి గౌరవ వేతనం పంచాయతీ సొంత ఆదాయం నుంచి, అంటే ఇంటిపన్ను, దుకాణాల కిరాయి లాంటి వాటి నుంచి రావాలి. లేదంటే హైదరాబాద్‌లోనో, అమెరికాలోనో ఉన్న ఊరివాళ్లు ఇవ్వాలి. వాళ్లకు కమాను కట్టించడం మీదే మోజు. కమాను బదులు ఏడాది జీతం ఇవ్వమని అడిగి చూడండి. పదిమందిలో ఒకడు ఒప్పుకుంటాడు, ఒకడు చాలు.

మనుషులు దొరకరనుకోవద్దు. వ్యాయామ విద్యలో బీపీఈడీ చేసి ఉద్యోగ నోటిఫికేషన్ కోసం చూస్తున్నవాళ్లు మండలానికి పదిమంది ఉంటారు. ఒకప్పుడు జిల్లాకు కబడ్డీ ఆడి ఇప్పుడు ఆటో నడుపుకునేవాడు ఊళ్లోనే ఉంటాడు. వీలైతే ఆడమనిషిని చూడండి, ఎందుకో కింద చెబుతాను.

బతుకమ్మ తొమ్మిది రోజులు

ఆడవాళ్లు బయటికి రారు అన్నది మన ఊళ్లో సగం నిజం. బతుకమ్మ తొమ్మిది రోజులూ వస్తారు. పదేళ్ల పిల్ల నుంచి డెబ్బై ఏళ్ల అవ్వ దాకా, గంటన్నర రెండు గంటలు, వంగుతూ లేస్తూ చప్పట్లు కొడుతూ తిరుగుతారు. నేను ఒకసారి గడియారం పెట్టి చూశాను. ఎంగిలిపూల నాడు మా వాడలో గంటా నలభై నిమిషాలు. ఎవరికీ ఎక్సర్‌సైజ్ చేస్తున్నామన్న తలపే లేదు.

ఆ తొమ్మిది రోజులు పంచాయతీ ఏం చేస్తుంది? జాగా ఊడ్పిస్తుంది, లైట్లు పెడుతుంది, మైకు పెడుతుంది, తాగి వచ్చే మగవాళ్లను పక్కకు పంపుతుంది. శుభ్రం, వెలుతురు, తోడు, భయం లేకపోవడం. పదో రోజు లైట్లు విప్పేస్తాం. ఆడవాళ్లు మళ్లీ లోపలికి.

ఈ మాట చెప్పినప్పుడు మా మేనకోడలు కొంచెం సేపు ఏం మాట్లాడలేదు. "అంటే మామా, లైట్లు విప్పకపోతే?" అంది. అదే. బడి గ్రౌండ్‌లో నాలుగు ఎల్‌ఈడీ ఫ్లడ్‌లైట్లు, ఒక టైమర్ స్విచ్, బాత్రూం తాళం తీసి ఉండడం. వారంలో మూడు రోజులు ఆరున్నర నుంచి ఏడున్నర ఆడవాళ్లకే. మొదటి నెల ఆటలంటే మొహమాటపడతారు, కోలాటంతో మొదలుపెట్టొచ్చు. తర్వాత టెన్నికాయిట్. బడిలో ఆ రింగ్ ఆట ఆడని ఆడపిల్ల ఉండదు, చేతికి అందగానే ఇరవై ఏళ్లు వెనక్కి పోతారు. పిలవడానికి మహిళా సంఘాన్ని మించిన దారి లేదు. నేర్పేది ఆడమనిషి అయితే ఇంట్లో అత్తమామలు కూడా అడ్డు చెప్పరు.

టోర్నమెంట్లు, ఇండోర్ హాళ్లు

సంక్రాంతి క్రికెట్ కప్పు ఊరికి సందడి. పెట్టుకోండి, కానీ దాన్ని క్రీడా విధానం అనుకోవద్దు. ఆడేవాళ్లనే ఆడిస్తుంది, వందమందిని కూర్చోబెట్టి చూపిస్తుంది. 2024 డిసెంబర్‌లో రాష్ట్ర ప్రభుత్వ ఆటల పోటీ సీఎం కప్‌ను గ్రామ స్థాయి నుంచి నడిపారు. అట్లాంటివి వచ్చినప్పుడు, ఏడాది పొడుగునా సాయంత్రం గ్రౌండ్ నడిపిన ఊరికి పంపడానికి పిల్లలుంటారు. లేని ఊళ్లో ఆ వారమే టీమ్ కోసం వెతుకుతారు.

షటిల్ ఇండోర్ హాల్ ఊరికి వద్దు. మండల కేంద్రంలో, అదీ నెలనెలా కట్టే మెంబర్లు ముందే దొరికితేనే.

హనుమకొండ, వరంగల్ కాలనీలకు

నగరంలో లెక్క కొంచెం వేరు. జవహర్‌లాల్ నెహ్రూ స్టేడియంలో సింథటిక్ ట్రాక్ ఉంది. 2021 సెప్టెంబర్‌లో జాతీయ ఓపెన్ అథ్లెటిక్స్ అక్కడే జరిగాయి, హర్మిలన్ బైన్స్ 1500 మీటర్లలో 4 నిమిషాల 5.39 సెకన్లతో జాతీయ రికార్డు కొట్టింది కూడా ఆ ట్రాక్ మీదే. గర్వంగా చెప్పుకుంటాం, చెప్పుకోవాలి. కానీ అది స్పైక్స్ వేసుకుని పరుగెత్తేవాళ్లది, మీ అమ్మగారి సాయంత్రం నడకకు కాదు. ఆమెకు కావాల్సింది ఇంటి నుంచి పది నిమిషాల్లో, రోడ్డు దాటే అవసరం లేకుండా, కుక్కలు వెంటపడకుండా నడిచే దారి. కాలనీ కమిటీలు కార్పొరేటర్‌ను కొత్త పార్కు అడిగే ముందు, ఉన్న ఫుట్‌పాత్ మీద టీ బండ్లు, ట్రాన్స్‌ఫార్మర్లు, ఎవరింటి ర్యాంపులు ఎన్ని ఉన్నాయో లెక్కపెట్టి ఆ లిస్టు ఇవ్వండి. కాలనీలో సర్కారు బడి ఉంటే పైన చెప్పిందంతా మీకూ వర్తిస్తుంది.

ఎవరిని అడగాలి, ఏది ముందు

రాజ్యాంగంలో క్రీడలు రాష్ట్రాల జాబితాలో ఉన్నాయి. రాష్ట్రం 2025 ఆగస్టులో కొత్త క్రీడా విధానం ప్రకటించింది. కేంద్రం కూడా అదే ఏడాది జులైలో ఖేలో భారత్ నీతిని ఆమోదించింది, ఆటను ప్రజా ఉద్యమం చేయడం అందులో ఒక స్తంభం. పెద్ద మాటలే. అవి మన ఊరి గేటు దాకా రావాలంటే జిల్లా యువజన, క్రీడల అధికారి ఆఫీసులో మన తీర్మానం కాపీ ఉండాలి. అడిగిన ఊరి పేరే కొత్త స్కీమ్ వచ్చినప్పుడు గుర్తొస్తుంది.

బడి ఊరి మధ్యలో ఉంటే ముందు లైట్లు, మనిషి. మిగిలితే చెట్టు కింద నాలుగు మిషన్లు. బడి మూతపడిన ఊరైతే ఆ ఆవరణనే పంచాయతీ అడిగి తీసుకోవాలి. తండాలాంటి చిన్న ఊరికి మిషన్లు అసలు వద్దు, ఒక వాలీబాల్ నెట్, ఒక లైటు, వారానికి మూడు రోజులు వచ్చే కోచ్‌ను పక్క రెండు తండాలతో కలిసి పంచుకోవచ్చు. ముసలివాళ్లే ఎక్కువ మిగిలిన ఊళ్లుంటాయి, పిల్లలంతా హైదరాబాద్‌లో. అక్కడ కట్ట మెట్లకు కడ్డీ, గద్దె దగ్గర లైటు, రెండు మిషన్లు నిజంగా ఉపయోగం.

మా మేనకోడలు ఎలక్షన్ మాట పూర్తిగా తప్పలేదు. నాలుగు మిషన్లు బడి ప్రహరీ లోపల, వేపచెట్టు కింద పెట్టిస్తోంది. మొన్న రాత్రి మళ్లీ ఫోన్.

"మామా, హెడ్‌మాస్టర్ ఒప్పుకున్నడు. తాళం చెవి ఎవరి దగ్గర పెట్టాలె? వార్డు మెంబర్ నాకియ్యమంటున్నడు."

"ఆయన ఆదివారం ఊళ్లో ఉంటడా?"

"ఉండడు. వాళ్ల కొడుకు దగ్గరికి హన్మకొండకు పోతడు."

"బడి పక్కన కిరాణం ఎవరిది?"

"ఎల్లవ్వది. పండుగ నాడు కూడా బంద్ పెట్టదు."

"రెండు చెవులు చేయించి ఒకటి ఆమెకియ్యి" అన్నాను.